చల్లటి ఇంజను మీద చెయ్యి

పొద్దున్న ఆరున్నర. విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా సగం షట్టర్లు లేవలేదు. మా తమ్ముడు, అంటే మా పిన్ని కొడుకు, కొందామనుకున్న పాత పికప్ బండి బానెట్ ఎత్తారు మేస్త్రీగారు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఆగి, తీసేసి, భుజం మీది గుడ్డకు తుడుచుకున్నారు.

"పదండి, టీ తాగుదాం."

"బండి చూడరా అండీ?" అన్నాడు తమ్ముడు.

"ఇవాళ చూసేదేం లేదు బాబూ. మనం రాకముందే సెల్ఫ్ కొట్టి వేడి చేసి పెట్టారు. రేపొద్దాం. రాత్రి నుంచి తాళం పెట్టొద్దని ఓనరుకి చెప్పు."

బ్యాటరీ వీకుగా ఉందని ఒకసారి స్టార్టు చేశామండీ అని బ్రోకరు ఏదో సర్దిచెప్పబోయాడు. నిజమే కావచ్చు. మేస్త్రీగారు వాదించలేదు, నొచ్చుకోనూ లేదు. టీ కొట్టు వైపు నడిచారు, అంతే. నలభై ఏళ్ళకు పైగా ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఆయన బాగుచేసిన బళ్ళ గురించి చెప్పేవాళ్ళు ఆ వీధిలో చాలామందే ఉన్నారు. నేను రాయబోయేది మాత్రం ఏ పానా పట్టకుండా ఆయన చేసే పని గురించి. పాత డీజిలు బండిని చూసి అందులో ఇంకా ఎంత ప్రాణం ఉందో చెప్పడం గురించి.

మా తమ్ముడిది కడియం పక్క పల్లె. నర్సరీ మొక్కలు తోలుకోవడానికి బండి కావాలి. కొత్తదానికి వాయిదాలు కట్టే ఓపిక లేదు. రెండు బళ్ళు చూసి పెట్టుకున్నాడు. ఒకే కంపెనీ, ఒకే తరహా పికప్. ఒకదాని మీటరు 92 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, రెండోదాని మీటరు 2 లక్షల 87 వేలు. వాడి మనసు దేని మీదుందో వేరే చెప్పాలా? నా మనసూ అటే ఉంది.

మనవాళ్ళ నోట మైలేజీ అంటే లీటరు డీజిలుకు బండి ఎంత ఇస్తుందన్న లెక్క. నడిచిన దూరానికి మన మాట వేరు. "బండి ఎంత తిరిగింది?" అని అడుగుతాం. మనిషి గురించి "బాగా తిరిగినవాడు" అంటే అందులో కొంచెం అనుమానం, కొంచెం గౌరవం రెండూ వినిపిస్తాయి. బండి దగ్గరికి వచ్చేసరికి గౌరవం ఎగిరిపోయి అనుమానమే మిగులుతుంది. ఆ మిగిలిన అనుమానాన్ని కూడా మనం మీటరు మీదే పెడతాం. లక్ష లోపైతే మంచి బండి, రెండు లక్షలు దాటితే అయిపోయిన బండి.

టీ గ్లాసు ఊదుకుంటూ మేస్త్రీగారు అన్నారు: "మీటరు చక్రం లెక్క చెప్తుందండీ. ఇంజను లెక్క దానికేం తెలుసు?"

ఆ మాట పట్టుకుని నేను ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే బొలేరో పికప్‌లలో ఏళ్ళ తరబడి నడిచిన 2,523 సీసీ ఇంజన్నే తీసుకుందాం. నాలుగు సిలిండర్లు. బోరు, అంటే సిలిండరు వెడల్పు, 88.9 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 101.6. మిల్లీమీటర్లలో వింతగా ఉండే ఈ అంకెల్ని అంగుళాల్లోకి మారిస్తే సరిగ్గా మూడున్నర, నాలుగు. ఇంజను ఒక చుట్టు తిరిగితే పిస్టను నాలుగు అంగుళాలు కిందికి దిగి, నాలుగు అంగుళాలు పైకి ఎక్కుతుంది. అంటే చుట్టుకు సుమారు 20 సెంటీమీటర్ల ప్రయాణం. ఇలాంటి బండి టాపు గేరులో కిలోమీటరు నడిచేసరికి ఇంజను ఉజ్జాయింపుగా 2,000 చుట్లు తిరుగుతుందనుకుంటే, పిస్టను నడిచింది 406 మీటర్లు. అదే బండి చెరువు గట్ల మీదో మార్కెట్ సందుల్లోనో రెండో గేరులో ఈడ్చుకుంటూ వెళ్తే, కిలోమీటరుకు 5,000 చుట్లు అనుకోండి. పిస్టను నడక 1,016 మీటర్లు. హైవే మీద బండి కిలోమీటరు వెళ్తే పిస్టను అర కిలోమీటరు కూడా కదలదు. సందులో బండితో సమానంగా అదీ నడవాల్సిందే. సరుకు ఎక్కించేటప్పుడు ఆపకుండా వదిలేసిన ఇంజను సంగతి సరేసరి. బండి అంగుళం కదలదు, మీటరు తిరగదు, పిస్టను మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇంకో వరస కూడా వేశాను. రెండు లక్షల కిలోమీటర్లూ టాపు గేరులోనే నడిచిందనుకుంటే పిస్టను ప్రయాణం 81 వేల కిలోమీటర్ల పైచిలుకు. భూమి చుట్టూ రెండు ప్రదక్షిణలు. అదీ నాలుగు అంగుళాల గొట్టంలో కిందికీ పైకీ కొట్టుకుంటూ, గోడకూ రింగుకూ మధ్య కంటికి ఆనని ఆయిలు పొర ఒక్కటే అడ్డంగా. ఫ్యాక్టరీలో బోరు గోడను అద్దంలా నున్నగా చెయ్యరు. సానరాళ్ళతో అడ్డగీతలు గీస్తారు, ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు. ఆయిలు జారిపోకుండా నిలిచేది ఆ గీతల్లోనే. వేళకు ఆయిలు మార్చి, గాలి ఫిల్టరు శుభ్రంగా ఉంచిన ఇంజన్ని లక్షల కిలోమీటర్ల తర్వాత విప్పినా ఆ గీతలు అక్కడే కనిపిస్తాయని మేస్త్రీగారు చెబుతుంటే ఆయన గొంతులో కంసాలి నగిషీ గురించి మాట్లాడేటప్పటి మురిపెం వినిపించింది. దుమ్ము మింగిన ఇంజనులో మాత్రం యాభై వేలకే గోడ నున్నబడి మెరుస్తుందట. "బోరు మెరిసిందంటే బోరుకొచ్చిందన్నమాటే" అన్నారు, అంటే సిలిండరును మళ్ళీ తొలిపించాల్సిందేనని.

మర్నాడు అదే వేళకు వెళ్ళాం. చెయ్యి ఆనించారు. చల్లగా ఉంది. అప్పుడు కూడా తాళం జోలికి పోలేదు. ముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ఆ చుట్టుకు పావుగంట పట్టింది.

టైర్ల దగ్గర గొంతుక్కూర్చున్నారు. ప్రతి టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైనది. నడుస్తున్న నాలుగు టైర్లనూ చదివి, ఆ తర్వాత కిందికి వంగి స్టెప్నీని చదివారు. బండితో పాటు వచ్చిన టైరు చాలాసార్లు అక్కడే మిగిలిపోతుంది. తర్వాత క్లచ్ పెడల్ రబ్బరు. ఎడమ అంచు అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. డ్రైవరు తలుపు కొంచెం ఎత్తి చూశారు, కీలు దగ్గర వేలాడుతోంది. స్టీరింగు మీద చేతులు ఆనే రెండుచోట్లా నిగనిగలాడుతోంది. చివరికి తొట్టి పక్కన తాడు కట్టే కొక్కేలు. ఒక్కో కొక్కేన్నీ బొటనవేలితో తడిమారు. నన్నూ తడమమన్నారు. ఇనుములో తాడు కోసిన గాడి, గోరు దిగేంత లోతు ఉంది. తాడు ఇనుమును కొయ్యాలంటే ఎన్నిసార్లు బిగించి ఉండాలి!

బండికి ఏడేళ్ళు. మీటరు 92 వేలు. రోజుకు 36 కిలోమీటర్లు.

"మీటరు తిప్పేశారంటారా?" అని గొంతు తగ్గించి అడిగాను.

"ఆ మాట నేనననండీ. పొద్దస్తమానం రెండో గేరులో గట్ల మీద తిరిగితే 92 వేలకే పెడలు ఇలా అరుగుతుంది. హైవే మీద తిరిగి మీటరు వెనక్కి తిప్పినా ఇలాగే ఉంటుంది. మీటరు తిరిగిందో లేదో నాకు తెలీదు. బండి మాత్రం తిరిగింది."

ఈ సంయమనమే నాకు అన్నిటికంటే నచ్చింది. ఒక్క గుర్తు చూసి దొంగను పట్టేసినట్టు చిటిక వేసే మెకానిక్కులు దొరుకుతారు. ఈయన తాను చూసింది ఎంతవరకు చెబుతుందో అంతవరకే మాట్లాడతారు. డిజిటల్ మీటరులో అంకె మార్చడం ఈ రోజుల్లో పెద్ద విద్య కాదు. కానీ పెడలు, కొక్కెం, తలుపు కీలు, టైరు ముద్ర, సీటు అంచు, ఇన్నీ ఒకే అబద్ధం చెప్పేలా చెయ్యడం ఎవరివల్లా కాదు. ఆయన వెతికేది వాటి మధ్య పొత్తు కుదిరిందా లేదా అని. కొత్త పెడలు రబ్బరు కనిపిస్తే సంతోషించరు. "పాత కాలికి కొత్త చెప్పెందుకొచ్చిందా అని చూడాలి" అంటారు.

నంబరు ప్లేటు ఏపీ 37. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస వచ్చింది కాబట్టి ఇప్పుడు ప్లేటు చూసి జిల్లా చెప్పలేం. అంతకుముందు బళ్ళకు చెప్పొచ్చు. 37 అంటే పశ్చిమగోదావరి. మేస్త్రీగారు ఆ ప్లేటు చూసి, తొట్టి లోపలికి తల పెట్టి, గాలి పీల్చారు. ఆ తర్వాత చాప అడిగి పరుచుకుని బండి కిందికి దూరారు. ఐదు నిమిషాలు కాళ్ళు మాత్రమే కనిపించాయి. చిన్న సుత్తితో ఛాసిస్ మీద కొడుతున్న చప్పుడు: ఠంగ్, ఠంగ్, ఠంగ్, ఆ తర్వాత ఒక చోట, డబ్. మళ్ళీ అక్కడే, డబ్.

బయటికొచ్చి అరచేతిలో గోధుమరంగు పెచ్చులు చూపించారు. రొయ్యల బండి. ఉప్పునీళ్ళూ కరిగిన ఐసూ ఏడేళ్ళు తొట్టి సందుల్లోంచి కారి వెనక కమాన్లు తగిలించే బ్రాకెట్ల దగ్గర నిలిచాయి. పైన కొత్తగా నల్లరంగు కొట్టారు. కమాను కట్టలో ఒక పట్టీ మిగతావాటి ఈడుది కాదు, తర్వాత చేర్చింది. అంటే మోయాల్సినదానికంటే ఎక్కువే మోసింది.

అప్పుడు తాళం పెట్టమన్నారు. సగం సెల్ఫ్‌కే అందుకుంది. పొగ లేదు, మిస్సింగ్ లేదు. మా తమ్ముడి మొహం విప్పారింది. మేస్త్రీగారు కాసేపు విని, మెచ్చుకోలుగా తలాడించారు. "ఇంజను భేషుగ్గా ఉంది. దాన్ని మోసే ఇనుము పోయింది. బోరుకొస్తే బోరు చేసుకోవచ్చు బాబూ. ఛాసిస్ తినేస్తే ఏం చేస్తాం?"

రెండో బండి నగరం అవతల ఒక షెడ్డులో ఉంది. పేపరు బండి. అర్ధరాత్రి దాటాక దినపత్రికల కట్టలు ఎక్కించుకుని హైవే వెంట పంచుతూ పోయి, తెల్లారాక ఖాళీగా తిరిగొచ్చేది. మేస్త్రీగారు ఓనర్ని అడిగింది రెండే ప్రశ్నలు. రాను పోను ఎంత? 260. బండి కొని ఎన్నేళ్ళు? మూడేళ్ళు దాటింది. పెదాలు కదిపి నోటిలెక్క కట్టారు. 260 చొప్పున ఏడాదికి 360 రాత్రులు వేసుకుంటే 93,600. మూడేళ్ళకు 2 లక్షల 80 వేల పైన. మీటరు 2 లక్షల 87 వేలు. "సరిపోయింది" అన్నారు. ఆ రోజు ఆయన మీటరును మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇక్కడా చెయ్యి ఆనించాకే మొదలు. ఎందుకో ఈసారి విడమర్చి చెప్పారు. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిలుకు ఆ ఆధారం లేదు. గాలిని పదహారు, పద్దెనిమిది వంతుల్లో ఒక వంతుకు నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. రింగులు అరిగితే నొక్కిన గాలి పక్కనుంచి జారిపోతుంది, వేడి చాలదు. లోహం అప్పటికే కాగి ఉంటే ఆ లోటు పైకి తెలియదు. నిజం బయటపడేది రాత్రంతా చల్లబడిన ఇంజను మొదటిసారి అందుకునేటప్పుడే.

ముందు డిప్‌స్టిక్. ఆయిలు నల్లగా ఉంది. నేను పెదవి విరిచాను. ఆయన నవ్వారు. డీజిలు ఇంజనులో ఆయిలు మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది, మసిని కడిగి తనలో పెట్టుకోవడం దాని పని. అమ్మకానికి పెట్టిన బండిలో ఆయిలు తేనెరంగులో మెరిస్తేనే ఎందుకని అడగాలట. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశారు: జారుతోంది, గరుకు లేదు. వాసన చూశారు: డీజిలు కలిసిన వాసన లేదు. మట్టం గీత దాటలేదు. దాటి ఉంటే ఇంధనమో నీళ్ళో లోపల కలుస్తున్నట్టు. ఆయిలు మూత తిప్పి అడుగు చూశారు. మజ్జిగ రంగు నురగ ఉంటే నీళ్ళు చేరినట్టే. లేదు.

సెల్ఫ్ కొట్టమని చెప్పి కళ్ళు మూసుకున్నారు. నాలుగు సిలిండర్లూ ఒకే బలంతో ఉంటే సెల్ఫ్ మోటారు చప్పుడు ఒకే తూకంలో సాగుతుంది. ఒకటి నీరసపడితే కుంటి నడకలా నాలుగో అడుగు తేలికగా పడుతుంది. ఇక్కడ కుంటలేదు. రెండు క్షణాలకు అందుకుంది. తెల్లటి పొగ సన్నగా వచ్చి నిమిషంలో తేరుకుంది. తెలుపు అలాగే ఉండిపోతే నాజిల్సో కంప్రెషనో చూడాలి. నీలం వస్తే ఆయిలు మండుతున్నట్టు. ఎక్సలేటరు తొక్కినప్పుడు నలుపు వస్తే గాలి చాలడం లేదు: ఫిల్టరు మూసుకుపోయిందో, టర్బో హోసు చీలిందో.

అప్పుడు చూశాను అసలు పనితనం. ఇంజను నడుస్తుండగానే ఆయిలు మూత తీసి, తిరగేసి, ఆ కంత మీద ఊరికే పెట్టారు. బిగించలేదు. మూత సన్నగా వణికింది, జారలేదు, ఎగరలేదు. కంతలోంచి ఆవిరి పోగు సోమరిగా లేచింది. దీన్నే మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ చూడడం అంటారు. రింగులు దాటి కిందికి దిగిన గాలి ఎక్కువైతే మూత గంతులేస్తుంది, ఆవిరి దమ్ము కొట్టినట్టు తన్నుకొస్తుంది. నేను "పాసయిందన్నమాట" అనబోయాను. ఆయన మాత్రం ఆ ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం ఊడదీసి నోటితో ఊది చూశారు. అది మూసుకుపోయి ఉంటే మంచి ఇంజను మూత కూడా ఎగురుతుంది. ఊడి ఉంటే చెడ్డ ఇంజను మూత కూడా బుద్ధిగా కూర్చుంటుంది. ఆ తర్వాత కూడా కంప్రెషన్ గేజీ తెప్పించి నాలుగు సిలిండర్లకూ పెట్టించారు. "మూత అనుమానం చెప్తుందండీ, తీర్పు చెప్పదు" అన్నారు. గేజీ నాలుగుచోట్లా ఇంచుమించు ఒకే అంకె చూపించింది. ఆయన చూసింది అంకె పెద్దదా చిన్నదా అని కాదు, నాలుగూ కలిసి ఉన్నాయా అని.

టర్బో హోసు విప్పి వేళ్ళతో ఇరుసు పట్టుకుని ఆడించారు. నిమిషానికి లక్ష చుట్లు దాటే ఇరుసు అది. పక్కలకు ఇసుమంత కదలిక సహజం, ఆయిలు పొర మీద తేలాల్సింది కాబట్టి. ముందుకూ వెనక్కూ ఆడితేనే చేటు. ఆడలేదు. రోడ్డు మీదికి తీసుకెళ్ళి మూడో గేరులో ఎక్సలేటరు వదిలేశారు. గేరు జారలేదు. వేగంలో కాలు తీసి, పెట్టి, వెనక ఇరుసు హౌసింగులో క్రౌన్ పినియన్ ఏడుస్తోందా అని విన్నారు. చిన్న మూలుగు ఉంది. మూడో గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ వదిలారు. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆలోచించి ఆగింది. "క్లచ్ ప్లేటు దగ్గరపడింది" అన్నారు.

వెనక్కి వచ్చాక క్యాలెండరు చించిన కాగితం వెనక రాశారు: క్లచ్ సెట్టు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు, రెండు టైర్లు, హౌసింగ్ ఆయిలు మార్చి మళ్ళీ వినాలి. ఓనరు దాచిన బిల్లుల్లో నాజిల్స్, బ్యాటరీ, రేడియేటరు ఇదివరకే మార్చినట్టు ఉంది. వాటి పక్కన టిక్కులు పెట్టారు. ఎక్కువ తిరిగిన బండి గురించి నేను ఎన్నడూ ఆలోచించని సంగతి ఆ టిక్కుల్లో ఉంది. డీజిలు బండికి ఖర్చులు విడతలుగా వస్తాయి. మీటరు తక్కువున్న బండి కొంటే ఆ విడతలన్నీ మన వంతుకు మిగిలి ఉంటాయి. రెండు లక్షలు దాటి, బిల్లులు సరిగ్గా ఉన్న బండికి వాటిలో సగం పాత ఓనరు కట్టేసి ఉంటాడు. మన బేరం మిగతా సగం మీద. కాగితం మీది పద్దు మొత్తం కూడి, చెప్పిన ధరలోంచి తీసేసి, "ఇదీ మన మాట" అని ఓనరుకు ఇచ్చారు. గొంతు పెంచకుండా బేరం ముగిసింది.

బీఎస్ 6 డీజిలు బళ్ళు వచ్చాక బండి ఎక్కడ తిరిగిందన్న లెక్క ఇంకా ముదిరింది. పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉన్న బళ్ళలో, పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. హైవే మీద అది దానంతటదే జరుగుతుంది. వీధి చివరిదాకా వెళ్ళొచ్చే బండిలో మసి పేరుకుపోతుంది. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని సామెత. డీజిలు బండికి తిరగడమే ఆరోగ్యం, ఊరుకోవడమే జబ్బు.

కాగితాల పని వేరే మెళకువ. ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఫైనాన్సు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. సరుకు బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అప్పు తీరి ఉంటే ఫారం 35, పేరు మార్పుకు 29, 30 ఓనరు సంతకంతో తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వాలి. కంపెనీ సర్వీసు సెంటర్లో చేయించిన బండైతే తేదీలవారీ రీడింగులు అక్కడి రికార్డులో ఉంటాయి. ఓనరును వెంటబెట్టుకుని వెళ్ళి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

పేపరు బండి ఇప్పుడు కడియం మొక్కలు మోస్తోంది. క్లచ్ మార్చారు, క్రాసు మార్చారు. హౌసింగులో మూలుగు ఆయిలు మార్చాక తగ్గింది కానీ పోలేదు. తమ్ముడు దానికి అలవాటు పడ్డాడు.

పాత బండి చూడ్డానికి వెళ్ళే ప్రతివారికీ మేస్త్రీగారి దగ్గర నేర్చుకున్న ఒక్క మాట చెప్పగలను. ముందురోజు సాయంత్రమే ఓనరుకు ఫోను చేసి, మేం వచ్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దని చెప్పండి. పొద్దున్నే వెళ్ళి, మీటరు చూసేలోపు బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే టీ తాగి ఇంటికి వచ్చెయ్యండి.